అరె ఓ సాంబా... ఈ పాట ఎవరిది?

ఒక పిలుపు, ఒక డిస్కో బాణీ, ఒక రీమిక్స్. హిందూపురం ఎమ్మెల్యేగారి పాత పాట వెనక నడిచిన కథ

చవితి వెళ్లిన మూడో రోజో, ఐదో రోజో. హిందూపురం కావచ్చు, పెనుకొండ కావచ్చు, ధర్మవరం కావచ్చు. ట్రాక్టరు ట్రాలీ మీద నల్లటి బాక్సులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయంటే ఆ వీధిలో కిటికీ అద్దాలు కూడా చిందెయ్యాల్సిందే. ముందు వినాయకుడు, వెనక జనరేటరు, మధ్యలో ల్యాప్‌టాప్ ముందు చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకున్న ఒక కుర్రాడు. భక్తి పాటతో మొదలైన ఊరేగింపు నాలుగు వీధులు తిరిగేసరికి సినిమా పాటల్లోకి దిగుతుంది. హిందూపురంలో అయితే ఆ వరసలో బాలయ్య పాట రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

అలా బాక్సుల్లో మోగడానికే పుట్టినట్టుండే పాట ఒకటుంది. ‘అరె ఓ సాంబా’. 1992లో ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ సినిమాలో వచ్చింది. 2015లో ‘పటాస్’ సినిమాలో రీమిక్స్‌గా మళ్లీ వచ్చింది. ఇప్పుడు డీజే కుర్రాళ్ల చేతుల్లో ఎవరికి తోచిన బీటుతో వాళ్లు మళ్లీ మళ్లీ పుట్టిస్తున్న తరం పాటల్లో ఇదీ ఒకటి. పాట బతికే ఉంది, సంతోషమే. కానీ ఇంతమంది చేతులు మారాక ఆ పాట ఎవరిది? బాణీ కట్టినాయనదా? రాసినాయనదా? పాడినవాళ్లదా? డబ్బు పెట్టిన నిర్మాతదా? బీటు మార్చిన కుర్రాడిదా? ఈ ప్రశ్న ఒకసారి అమెరికా కోర్టు దాకా వెళ్లింది. వెళ్లింది ఎవరో కాదు, ఈ పాటకు బాణీ కట్టిన బప్పీ లాహిరీనే.

ముగ్గురు ఎమ్మెల్యేలు, ఒక మనవడు

ముందు ఊరి చుట్టరికం చూద్దాం. 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచింది ఎన్టీ రామారావు. 1996లో ఆయన మరణం తర్వాత వచ్చిన ఉపఎన్నికలో గెలిచింది కొడుకు హరికృష్ణ. 2014, 2019, 2024లో వరసగా మూడుసార్లు గెలిచింది ఇంకో కొడుకు బాలకృష్ణ. బాలకృష్ణ తొలిసారి ఎమ్మెల్యే అయిన ఎనిమిది నెలలకు, 2015 జనవరి 23న ‘పటాస్’ విడుదలైంది. అందులో హీరో, ఆ సినిమాకు నిర్మాత కూడా హరికృష్ణ కొడుకు కల్యాణ్‌రామ్. అంటే తాత, నాన్న, బాబాయి ముగ్గురూ హిందూపురానికి ఎమ్మెల్యేలుగా చేసినవాళ్లే. ఆ మనవడు తన సినిమాకు ఎంచుకున్న రీమిక్స్ బాబాయి పాట. సినిమాలోనూ పోలిక కుదిరింది. అక్కడ బాబాయి పోలీసు, ఇక్కడ అబ్బాయీ పోలీసే.

మన సినిమాల్లో రీమిక్స్ అంటే చాలాసార్లు ఇదే. అది ఒక రకం వారసత్వం. 2007లో ‘యమదొంగ’లో జూనియర్ ఎన్టీఆర్ తాతగారి ‘యమగోల’ నుంచి ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ తీసుకుని, మమతా మోహన్‌దాస్‌తో కలిసి తానే పాడాడు. 2012లో ‘రచ్చ’లో రామ్‌చరణ్ నాన్నగారి ‘గ్యాంగ్ లీడర్’ నుంచి ‘వానా వానా వెల్లువాయె’ అందుకున్నాడు. 2013లో ‘నాయక్’ కోసం ‘కొండవీటి దొంగ’ పాట వచ్చింది. సాయిధరమ్ తేజ్ మేనమామ పాటలను 2015లో ఒకసారి, 2016లో ఒకసారి వాడుకున్నాడు. ఆ రెండో సినిమా ‘సుప్రీమ్’. దర్శకుడు అనిల్ రావిపూడి, సంగీతం సాయి కార్తీక్. ‘పటాస్’కీ ఆ ఇద్దరే. పాత అభిమానిని థియేటర్‌కి తీసుకురావాలి, కొత్త కుర్రాణ్ణి సీట్లోంచి లేపాలి. ఒకే పాటతో రెండు పనులూ అయిపోతాయి.

పిలుపు పుట్టింది రామనగరలో

‘అరె ఓ సాంబా’ అనే మాట మాత్రం 1992ది కాదు. తెలియనివాళ్లు ఉంటారా! 1975 ఆగస్టు 15న విడుదలైన ‘షోలే’లో గబ్బర్‌సింగ్ బండ మీద కూర్చున్న తన మనిషిని పిలిచే పిలుపు అది. సాంబాగా నటించింది మాక్ మోహన్. మూడున్నర గంటల సినిమాలో ఆయన నోట వచ్చే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా జీవితాంతం ఆయన్ని జనం సాంబా అనే పిలిచారు. ఆ బండలున్న రామనగర బెంగళూరుకి అవతలి పక్కన, మైసూరు దారిలో ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్ల మీదుగా బెంగళూరు వెళ్లే రైలెక్కి, అక్కడ ఇంకో రైలు మారితే చాలు. మన సీమ కొండల్లాంటి బండలే.

ఇంకో సంగతి. ‘షోలే’ వచ్చినప్పుడు జనం పాటల కంటే మాటలకే ఎక్కువ పడిపోయారని గమనించిన పాలిడోర్ కంపెనీ డైలాగులతో ఒక రికార్డు వేసింది. మైకు సెట్ల వాళ్లు పాటలతో పాటు ఆ డైలాగుల రికార్డూ వేసేవారు. అంటే సలీం-జావేద్ రాసిన మాట తెర మీంచి రికార్డులోకి, అక్కడి నుంచి ఊరి నోట్లోకి వచ్చింది. పదిహేడేళ్ల తర్వాత తెలుగు పాటకు పల్లవి మొదలైంది. ఈ రోజుల్లో అయితే దీన్ని ‘శాంపిల్’ అంటారు. వేరే చోట మోగిన శబ్దాన్ని తెచ్చి కొత్త పాటలో అతికించడం అన్నమాట. మనవాళ్లు శబ్దాన్ని తేలేదు, పిలుపును తెచ్చారు. పైగా సాంబశివుడున్న నేల మనది. ఆ పేరు మనకు పరాయిదిలా అనిపించలేదు.

బంగారు గొలుసుల డిస్కో తెలుగులోకి

బప్పీ లాహిరీ 1952లో పుట్టిన బెంగాలీ. మెడలో బంగారు గొలుసులు, కళ్లకు నల్లద్దాలు. 1982లో ‘డిస్కో డాన్సర్’తో దేశం మొత్తాన్ని ఊపేశాడు. అయితే హిందీలో ఆయన జోరుకు తెలుగువాళ్ల చెయ్యి కూడా ఉంది. 1983లో వచ్చిన ‘హిమ్మత్‌వాలా’ కృష్ణగారి పద్మాలయా వాళ్లది, దర్శకుడు రాఘవేంద్రరావు. మన ‘ఊరికి మొనగాడు’కే అది హిందీ రూపం. 1984లో ‘దేవత’ హిందీలో ‘తోఫా’ అయింది. రెండింటికీ సంగీతం బప్పీదే. ఆ స్నేహంతోనే కృష్ణ 1986లో ‘సింహాసనం’ తీస్తూ ఆయన్ని తెలుగుకు తీసుకొచ్చారు. ఆ తర్వాత ‘స్టేట్ రౌడీ’, ‘గ్యాంగ్ లీడర్’, ‘రౌడీ అల్లుడు’... ఇలా సాగి 1992లో ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ దగ్గరికొచ్చింది.

బి. గోపాల్ దర్శకత్వం, టి. త్రివిక్రమరావు నిర్మాణం, బాలకృష్ణ పక్కన విజయశాంతి. పాటలు భువనచంద్ర, గొంతులు బాలు, చిత్ర. అది క్యాసెట్ల కాలం. ఊళ్లో టీకొట్టు నుంచి బస్సులో డ్రైవరు పక్కనుండే టేప్‌రికార్డరు దాకా అదే రాజ్యం. క్యాసెట్ అట్ట మీద సినిమా పేరు, హీరో బొమ్మతో పాటు చిన్నక్షరాల్లోనైనా సంగీతం ఎవరు, రచన ఎవరు, పాడిందెవరు అని ఉండేది. ఈ చిన్నక్షరాల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

డిస్కో లక్షణం ఒక్కటే. నాలుగు మాత్రల్లో నాలుగింటికీ పెద్ద డ్రమ్ము ధమ్, ధమ్, ధమ్, ధమ్ అని పడాలి. పాట ఎటు పోయినా కాలు మాత్రం తప్పదు. అందుకే బప్పీ పాటలు రీమిక్స్‌కి ఇట్టే లొంగుతాయి. కొత్త బీటు వేసేవాడికి సగం పని ఆయన ముందే చేసి పెట్టాడు.

అదే ఏడాది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో

ఇక్కడ ఒక్కసారి సముద్రం దాటుదాం. రీమిక్స్ అనే పద్ధతి బాగా నాటుకుంది డిస్కోలో. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే ఆయన, మూడు నిమిషాల పాట అయిపోగానే డాన్సు ఆగిపోతోందని పాటను సాగదీసి, డ్రమ్ములను విడిగా వినిపించేలా కొత్తగా కలిపాడు. అంత పొడవు పాట చిన్న రికార్డులో పట్టదు కాబట్టి పన్నెండంగుళాల సింగిల్ వచ్చింది. ఒక పక్క అసలు పాట, ఇంకో పక్క దాని రీమిక్స్. ఇదీ పద్ధతి.

ఆ దారిలోనే తర్వాత వచ్చింది ‘ట్రాన్స్’. మాట కొత్తగా ఉంటే మన మాటలో చెప్పుకుందాం: పూనకం. అనంతపురం వైపు జాతరల్లో ఉరుముల వాద్యం విన్నవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. మొదట నెమ్మదిగా, ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ. తర్వాత కాస్త వేగం. ఇంకాస్త. ఒక్క క్షణం ఆగుతుంది. జనం ఊపిరి బిగబడుతుంది. మళ్లీ ఒక్కసారిగా అన్నీ మోగుతాయి. అప్పుడే ఎవరో ఒకరు ఊగిపోతారు. ట్రాన్స్ సంగీతమూ అంతే. నిమిషానికి నూట ముప్పై, నూట నలభై దెబ్బలు. ఒక్కో పొర మెల్లగా చేరుతూ పోతుంది. మధ్యలో డ్రమ్ము మాయమై రాగం ఒక్కటే మిగులుతుంది. తర్వాత డ్రమ్ము తిరిగొచ్చి గుండె మీద పడుతుంది. దేవుడు లేడు, గంటలు లేవు, మిగతాదంతా అదే. మన దేశంలోనే గోవా బీచుల్లో దీని ఇంకో శాఖ పుట్టి ‘గోవా ట్రాన్స్’గా ప్రపంచమంతా తిరిగింది.

ట్రాన్స్‌లో పెద్ద పేరున్న సింగిల్ ఒకటుంది. ‘ద ఏజ్ ఆఫ్ లవ్’. 1990లో బెల్జియంలోని డికీ రికార్డ్స్ విడుదల చేసింది. చేసినవాళ్లు బ్రూనో సాంకియోని, జుసెప్పే కెర్కియా. రెండేళ్ల తర్వాత, సరిగ్గా మన ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ వచ్చిన 1992లోనే, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన జామ్ అండ్ స్పూన్ అనే జంట దాన్ని రీమిక్స్ చేసింది. ఆ రీమిక్స్‌కి ఒక పేరు కూడా పెట్టారు: ‘వాచ్ ఔట్ ఫర్ స్టెల్లా మిక్స్’. అసలు పాట కంటే ఆ మిక్సే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ట్రాన్స్ అంటే ఇలా ఉండాలి అని తర్వాతివాళ్లకు దారి చూపింది. 2021లో చార్లెట్ డి విట్, ఎన్రికో సాంజులియానో కలిసి మళ్లీ కొత్త రూపమిచ్చారు. ముప్పై ఏళ్ల పాట మళ్లీ కుర్రాళ్ల చెవుల్లో పడింది.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. రికార్డు మీద పాట పేరుంటుంది, చేసినవాళ్ల పేరుంటుంది, దాని పక్కనే ఫలానావాళ్ల మిక్స్ అని ఉంటుంది. ముప్పై ఏళ్లలో ఎన్ని చేతులు మారినా ఏ రూపం ఎవరిదో ఎవరైనా చెప్పగలరు. ఇల్లు ఎన్నిసార్లు అమ్ముడుపోయినా దస్తావేజులో పాత యజమానుల పేర్లు వరసగా ఉన్నట్టు.

మన రీమిక్స్ వేరు

మన సినిమాల్లో రీమిక్స్ అన్నామంటే సాధారణంగా అది అసలు అర్థంలో రీమిక్స్ కాదు. అసలైన రీమిక్స్‌లో పాత రికార్డింగు ముక్కలే ఉంటాయి. గొంతు విడిగా, డ్రమ్ము విడిగా, తీగల వాద్యం విడిగా ఉన్న ట్రాకులు తీసుకుని వాటినే కొత్తగా పేరుస్తారు. గాయకుడు మారడు. మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరు. బాణీ పాతది, మాటలు పాతవి లేదా కాస్త మార్చినవి, గొంతులు, వాద్యాలు కొత్తవి. అంటే మళ్లీ పాడించడం. ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ విషయంలో చూశాం కదా. 1977లో బాలు, సుశీల గొంతులు. 2007లో హీరోదే గొంతు.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. మళ్లీ పాడించినప్పుడు పాత గాయకుడు తప్పుకుంటాడు. వయొలిన్ వాయించినవాళ్లు, డ్రమ్ములు వాయించినవాళ్లు ఎలాగూ క్యాసెట్ అట్ట మీద కూడా లేరు. మిగిలేది బాణీ, మాట. కొత్త పోస్టరు మీద కొత్త సంగీత దర్శకుడి పేరు పెద్దగా ఉంటుంది. ‘ఫలానా సినిమా పాట రీమిక్స్’ అంటూ పాత సినిమా పేరు, పాత హీరో పేరు ఘనంగా చెబుతారు. బాణీ ఎవరిదో చెప్పేవాళ్లు తక్కువ. ‘అరె ఓ సాంబా’ ఎవరిది అని అడిగితే మనలో ఎంతమంది ‘బాలయ్యది’ అంటారు, ఎంతమంది ‘బప్పీ లాహిరీది’ అంటారు? ఒకసారి ఇంట్లో అడిగి చూడండి.

పేరు కోసం అమెరికా కోర్టులో

2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట ‘అడిక్టివ్’ విడుదలై పెద్ద హిట్టయింది. డాక్టర్ డ్రే నడిపే ఆఫ్టర్‌మాత్ సంస్థ నుంచి వచ్చింది. తయారుచేసింది డీజే క్విక్. పాట మొదలవగానే మనవాళ్లు ఉలిక్కిపడ్డారు. వెనక వినిపిస్తున్నది లతా మంగేష్కర్ గొంతు! 1981 నాటి హిందీ సినిమా ‘జ్యోతి’లోని ‘థోడా రేషమ్ లగ్‌తా హై’ పాటను తీసుకుని, దాని మీదే ఆ పాట కట్టారు. బాణీ బప్పీ లాహిరీది. ఆల్బమ్ మీద ఆయన పేరు లేదు. అనుమతి అడగలేదని సరేగమ కంపెనీ కోర్టుకెళ్లింది. బప్పీ కూడా వెళ్లారు.

2003లో లాస్ ఏంజెలస్ ఫెడరల్ కోర్టు, లాహిరీ పేరు వెయ్యకుండా ఆ సీడీలు అమ్మడానికి వీల్లేదని చెప్పింది. ఇక్కడి పత్రికలన్నీ సంబరంగా రాశాయి. ఒక భారతీయ సంగీత దర్శకుడు అమెరికా సంగీత కంపెనీని నిలబెట్టాడని.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కేసు ముందుకెళ్లేకొద్దీ అసలు ప్రశ్న బయటికొచ్చింది. ఆ పాట మీద కాపీరైటు బప్పీకి ఉందా? ‘జ్యోతి’ సినిమాకు ఆయన నిర్మాత దగ్గర డబ్బు తీసుకుని పనిచేశారు. మన చట్టం ప్రకారం అలా చేయించుకున్న పాటకు సొంతదారు నిర్మాత. బప్పీకి కాపీరైటు లేదని తేలింది. కేసు పోయింది. అంతేకాదు, లేని హక్కుతో ఏళ్ల తరబడి కేసు నడిపారంటూ కోర్టు ఆయన లాయరు మీద దాదాపు 2 లక్షల 47 వేల డాలర్ల జరిమానా వేసింది. 2010లో పైకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

బాణీ ఆయనదే. ఆ మాట ఎవరూ కాదనలేదు. కానీ పాట ఆయనది కాదు. ఈ రెండు వాక్యాలూ ఏకకాలంలో నిజం కావడమే మన సినిమా సంగీతంలో ఉన్న తిరకాసు.

చట్టం ఏమంటోంది?

కాస్త ఓపిగ్గా వినండి, ఇది డీజే కుర్రాళ్లకు కూడా పనికొస్తుంది. మన కాపీరైటు చట్టం 1957ది. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో, నిర్మాత డబ్బిచ్చి పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు నిర్మాతదేనని తేల్చింది. నిర్మాత ఆ హక్కును ఆడియో కంపెనీకి అమ్ముకునేవాడు. ఆ పాట పాతికేళ్లు రేడియోలో, టీవీలో, హోటల్లో మోగినా రాసినవాడికి, బాణీ కట్టినవాడికి దక్కింది మొదట్లో ఇచ్చిన ఆ డబ్బే.

2000 తర్వాత ‘కాంటా లగా’లాంటి రీమిక్సులు దేశమంతా ఊపేస్తున్నప్పుడు పాతతరం వాళ్లకు కోపం రావడానికి ఇదీ ఒక కారణం. తమ పాట కోట్లు తెస్తోంది, తమకు పైసా రావట్లేదు. చివరికి జావేద్ అఖ్తర్‌లాంటివాళ్లు పట్టుబట్టాక 2012లో చట్టం మారింది. సినిమాతో పాటు థియేటర్లో ఆడినప్పుడు తప్ప, మరెక్కడ వాడినా రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా ఉండాలి. ఆ వాటా వద్దని వాళ్ల చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఎవరైనా పాత పాటను మళ్లీ పాడించి కవర్ వెర్షన్‌గా వెయ్యాలంటే, అసలు రికార్డు వచ్చి ఐదేళ్లు నిండాలి, ముందే రాయల్టీ కట్టాలి. పాత చట్టంలో ఆ గడువు రెండేళ్లే ఉండేది.

ఇంకో సెక్షన్ ఉంది. 57వది. పాట మీద హక్కులన్నీ అమ్మేసుకున్నా, ‘ఇది చేసింది నేనే’ అని చెప్పుకునే హక్కు మాత్రం చేసినవాడిని వదిలిపోదు. తన పనిని పరువు పోయేలా పాడుచేస్తే అడిగే హక్కూ అంతే. పొలం అమ్ముకున్నా తవ్విన బావికి తాతపేరు ఉండిపోయినట్టు. డబ్బు హక్కు ఒకటి, పేరు హక్కు ఇంకొకటి. మన చట్టం రెండింటినీ విడదీసి చూసింది. మన అలవాటు మాత్రం రెండింటినీ కలిపి వదిలేసింది.

మూడో పుట్టుక ట్రాలీ మీద

ఇప్పుడు మళ్లీ మన వీధిలోకి వద్దాం. సినిమావాళ్లు చేసిన రీమిక్స్ కంటే ఈ రోజుల్లో పాటకు ఎక్కువ ఆయుష్షు పోసేది ఊరి డీజే. వాడి దగ్గర స్టూడియో లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఎఫ్ఎల్ స్టూడియో, ఒక చిన్న మిక్సరు. ఒకప్పుడు గొంతును, వాద్యాన్ని విడదీయాలంటే ఆడియో కంపెనీ గదిలోని అసలు టేపులు కావాలి. ఇప్పుడు ఆ పనిని ఒక అప్లికేషన్ నిమిషాల్లో చేసిపెడుతోంది. 1992 నాటి బాలు గొంతును విడిగా లాగి, కింద తీన్మార్ వేసుకోవచ్చు, ట్రాన్స్ వేసుకోవచ్చు. బెంగళూరు పక్కనే ఉంది కాబట్టి కన్నడ డీజేల బీటూ వచ్చి చేరుతుంది.

విచిత్రం ఏమిటంటే, పాత రికార్డింగునే ముక్కలు చేసి పేర్చే ఈ కుర్రాడు చేస్తున్నదే అసలైన అర్థంలో రీమిక్స్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ జంట చేసింది ఏదో, ఇతను చేస్తున్నదీ అదే. తేడా ఒక్కటే. వాళ్లకు అసలు పాటవాళ్ల అనుమతి ఉంది, అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయి. ఇక్కడ ఫైలు పేరులో పాట మొదటి మాట, డీజే పేరు, ఊరి పేరు ఉంటాయి. క్యాసెట్ అట్ట మీది ఆ చిన్నక్షరాలు ఇక్కడికొచ్చేసరికి పూర్తిగా రాలిపోయాయి.

మరి ఇది తప్పా? ఊరేగింపులో మోగించడం వరకు చట్టం కాస్త చల్లగానే చూస్తుంది. మతపరమైన వేడుకలో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లి సంబరాల్లో పాట వేసుకుంటే కాపీరైటు ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ మిక్స్‌ను యూట్యూబ్‌లో పెట్టారంటే లెక్క మారుతుంది. అక్కడ మనిషి కాదు, యంత్రం వింటుంది. పాట ముక్కను పోల్చుకుని హక్కుదారుకి చెబుతుంది. అప్పుడు వీడియో ఆగిపోవచ్చు, లేదంటే దాని మీద వచ్చే డబ్బు హక్కుదారుకి వెళ్లొచ్చు. కష్టపడి చేసిన మిక్స్ ఎందుకు పోయిందో తెలియక తల పట్టుకునే కుర్రాళ్లకు జవాబు ఇదే.

కాపీరైటు మినహాయింపు ఉంది కదా అని బాక్సులు తెల్లార్లూ మోగించకూడదు. అది వేరే చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు, బాక్సులు బంద్. పండగల పేరుతో ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా, అదీ అర్ధరాత్రి వరకే సడలింపు ఇవ్వొచ్చు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని లెక్క. ట్రాలీ మీది బాక్సుల ముందు నిలబడ్డవాడికి ఆ అంకెలు నవ్వు తెప్పిస్తాయి. పక్కింట్లో పురిటి బిడ్డకు, గుండె జబ్బు ఉన్న పెద్దాయనకు నవ్వు రాదు. ఇంకో మాట, ఒక్క బాక్సుల సెట్టు వచ్చిన చోట పదిమంది తప్పెట్లవాళ్ల బేరం పోతోంది. పూనకం తెప్పించే విద్య మొదట వాళ్లది.

మూడు పేర్లు చాలు

రీమిక్స్ వద్దనే వాదన ఇది కాదు. ‘పటాస్’ రాకపోతే 1992 తర్వాత పుట్టిన చాలామందికి ‘అరె ఓ సాంబా’ తెలిసేదే కాదేమో. జామ్ అండ్ స్పూన్ చెయ్యి పడకపోతే ‘ద ఏజ్ ఆఫ్ లవ్’ పేరు ఇంతదూరం వచ్చేది కాదు. పాటకు కొత్త చెయ్యి తగలాలి. తగిలిన ప్రతిసారీ పాత చెయ్యిని తుడిచెయ్యడం మాత్రం అవసరం లేదు.

రాయల్టీ లెక్కలు కంపెనీలు తేల్చుకుంటాయి. ఊరి కుర్రాడు చేయగలిగిన పని ఒకటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు, లైసెన్సు అక్కర్లేదు. మిక్స్ కింద తన పేరు వేసుకునే చోటే ఇంకో మూడు పేర్లు వెయ్యడం. బాణీ ఎవరు, మాట ఎవరు, గొంతు ఎవరు. పేర్లు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, నిజమే. కానీ బప్పీ లాహిరీ సముద్రాలు దాటి వెళ్లి కోర్టును మొదట అడిగినదాంట్లో డబ్బుతో పాటు ఉన్నది ఆ ఒక్క వరసే కదా.

బాలు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. బప్పీ 2022 ఫిబ్రవరి 15న వెళ్లిపోయారు. ఈసారి మీ వీధిలో ట్రాలీ ఆగి, డ్రమ్ము ఒక్క క్షణం మాయమై, గొంతు ఒక్కటే మిగిలినప్పుడు పక్కనున్న పిల్లాణ్ణి అడగండి. ‘ఒరేయ్, ఆ గొంతు ఎవరిదో తెలుసా?’ తెలియదంటే చెప్పండి. డ్రమ్ము తిరిగి పడే లోపే చెప్పెయ్యొచ్చు, పెద్ద పేర్లేం కావు.